హెల్త్ పాలసీని వెనక పేజీ నుంచి చదవండి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాన్ కాస్త తగ్గిస్తారా అన్నా, శబ్దం వస్తోంది. సరే, ఇప్పుడు బాగుంది.

నన్ను పిలిచినప్పుడు "ఏ ప్లాన్ మంచిదో చెప్పేయండి సార్, చాలు" అన్నారు. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈరోజు ఏ కంపెనీ పేరూ నా నోటెంట రాదు, ఎందుకంటే మీ పక్క కుర్చీలో కూర్చున్నాయనకి బ్రహ్మాండంగా పనికొచ్చే పాలసీ మీ ఇంటికి ఎందుకూ పనికిరాకపోవచ్చు, ఆయనకి ఇద్దరు చిన్నపిల్లలు ఉంటారు, మీ ఇంట్లో డెబ్భై దాటిన అమ్మానాన్న ఉంటారు, ఆయన చేతిలో నాలుగు డబ్బులు దాచుకున్నవి ఉంటాయి, మీకు నెలాఖరుకి ఏమీ మిగలదు. కాబట్టి ఎలా చూసుకోవాలో చెప్తా, ఎంచుకోవడం మీరే చేయాలి.

నేను పదకొండేళ్ళు ఒక హాస్పిటల్లో ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేశా. డిశ్చార్జ్ రోజున బిల్లు కట్టే కౌంటర్ పక్కన ఇంకో చిన్న కిటికీ ఉంటుంది చూడండి, ఆ కిటికీ వెనక కూర్చునేది నేనే. జనం పాలసీ కొన్న రోజు ఎలా ఉంటారో నేను చూడలేదు, ఆ పాలసీ వాడుకున్న రోజు ఎలా ఉంటారో మాత్రం వేలసార్లు చూశా. ఆ రెండు రోజుల మధ్య ఉన్న దూరం గురించే ఈ మాటలన్నీ.

ఒకావిడ గురించి చెప్తా. భర్తకి ఐదు రోజులు అడ్మిషన్. ఆవిడ దగ్గర ఒక ప్లాస్టిక్ కవర్, అందులో పాలసీ కార్డు, దాని వెనక ఏడేళ్ళ ప్రీమియం రసీదులు వరసగా పిన్ను కొట్టి ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పలేదు, ఒక్క ఏడాది కూడా లేట్ అవలేదు. మొత్తం బిల్లు 1,20,000. అప్రూవల్ వచ్చింది 80,000కి. ఆవిడ నాతో గొడవ పెట్టుకోలేదు, అరవలేదు, నెమ్మదిగా అడిగింది: "బాబూ, మేం తీసుకున్న రూమ్ రోజుకి ఆరు వేలు, పాలసీలో నాలుగు వేలే ఇస్తామన్నారంట, సరే, ఐదు రోజులకి తేడా పది వేలే కదా, మరి మిగతా ముప్పై వేలు ఎక్కడికి పోయాయి?"

లెక్క చూడండి. రూమ్ 30,000, మిగతావన్నీ అంటే డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్, అవన్నీ కలిపి 90,000. పాలసీలో రూమ్‌కి రోజుకి నాలుగు వేలు లిమిట్. ఆవిడ తీసుకుంది ఆరు వేల రూమ్, అంటే అర్హత ఉన్నది మూడింట రెండొంతులే. ఆ కండిషన్ ఉన్న పాలసీలో రూమ్ ఒక్కటే కాదు, రూమ్‌తో పాటు పెరిగే ఛార్జీలన్నీ అదే నిష్పత్తిలో కోసేస్తారు. 90,000లో 60,000 ఇచ్చారు, రూమ్‌కి 20,000 ఇచ్చారు, మొత్తం ఎనభై వేలు. ఇది మోసం కాదు, పాలసీ కాగితంలో రాసే ఉంది, ఒక్క లైను. ఆ లైను ఆవిడకి ఏడేళ్ళలో ఎవ్వరూ చదివి వినిపించలేదు. అడ్మిట్ అయిన రోజు రాత్రి "మేడమ్, నాలుగు వేల రూమ్ కూడా ఖాళీ ఉంది" అని ఒక్కరు చెప్పి ఉంటే ఆ నలభై వేలు ఆవిడ చేతిలోనే ఉండేవి. ఆ మాట చెప్పాల్సిన డెస్క్‌లో కూర్చున్నది మేమే, ఆ రాత్రి డ్యూటీలో నేను లేను కానీ ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అన్ని పాలసీల్లో ఈ లిమిట్ ఉండదు, కొన్నిట్లో అసలు ఉండదు, కొన్నిట్లో మందులకీ టెస్టులకీ ఈ కోత వర్తించదు, అందుకే మీ కాగితంలో ఏముందో మీరు చూసుకోవాలి.

అందుకని నేను చెప్పేది ఒక్కటే మాట. పాలసీని ముందు పేజీ నుంచి కాదు, వెనక నుంచి చదవండి. ముందు పేజీలో నవ్వుతున్న కుటుంబం ఫోటో, పెద్ద అక్షరాల్లో కవరేజీ, పక్కనే ప్రీమియం ఉంటాయి. వెనక ఏముంటాయంటే లిమిట్లు, వెయిటింగ్ పీరియడ్లు అంటే పాలసీ కొన్నాక కొన్ని జబ్బులకి డబ్బు రాని గడువులు, ఏవి ఇవ్వరో ఆ లిస్టు. మీ డబ్బు పోయేది అక్కడ. అలాగే ఎంచుకోవడం కూడా ప్రీమియం దగ్గర మొదలెట్టకండి, "మా ఇల్లు తట్టుకోలేని బిల్లు ఎంత" అన్న చోట మొదలెట్టి వెనక్కి రండి.

అమెరికాలో ఈ హాస్పిటల్ ఇన్సూరెన్స్ పెరిగిందే అలా. 1929లో అమెరికాలో డల్లాస్ అనే ఊళ్ళో బేలర్ అని ఒక హాస్పిటల్, దాని వ్యవహారాలు చూసే జస్టిన్ ఫోర్డ్ కింబాల్ గారు అంతకుముందు అక్కడి స్కూళ్ళకి సూపరింటెండెంటుగా చేసినాయన. హాస్పిటల్లో వసూలు కాని బిల్లుల చిట్టా తీస్తే అందులో తనకి తెలిసిన టీచర్ల పేర్లు చాలా ఉన్నాయి. వాళ్ళు ఎగ్గొట్టేవాళ్ళు కాదు, కట్టలేనివాళ్ళు. అప్పుడు ఆయన నెలకి 50 సెంట్లు ఒక్కో టీచరు కడితే, జబ్బు చేసినవాళ్ళకి ఏడాదికి 21 రోజుల వరకు హాస్పిటల్ ఖర్చు మేం చూసుకుంటాం అని ఒక పథకం పెట్టాడు. అమెరికాలో తర్వాత బ్లూ క్రాస్ అనే పెద్ద హెల్త్ ఇన్సూరెన్స్‌గా ఎదిగినదానికి అదే మొదలు. అందులో కిటుకు గమనించారా, జలుబుకి వేసుకునే మాత్రకి కాదు అది, మంచాన పడితే వచ్చే బిల్లుకి. చిన్న ఖర్చు ఎవరిది వాళ్ళు పెట్టుకుంటారు, ఇల్లు కూలిపోయే ఖర్చు మాత్రం పదిమందీ కలిసి మోస్తారు. ఈరోజు మనం చాలామంది దీన్ని తలకిందులు చేసి చూస్తున్నాం, ఉచిత చెకప్ ఇస్తాడా, కళ్ళజోడు ఇస్తాడా, డాక్టర్ ఫోన్లో మాట్లాడతాడా అని అడుగుతాం, పెద్ద బిల్లు వస్తే నా వాటా ఎక్కడ ఆగుతుంది అని అడగం.

సరే, ఇప్పుడు లెక్కలోకి వద్దాం. పెన్నూ కాగితం ఉన్నవాళ్ళు తీయండి, లేనివాళ్ళు ఫోన్లో రాసుకోండి.

ఏ రెండు ప్లాన్లు పోల్చినా రెండు సంవత్సరాలకి లెక్క వేయండి, అసలు హాస్పిటల్ ముఖం చూడని సంవత్సరం ఒకటి, అన్నిటికన్నా చెడ్డ సంవత్సరం ఒకటి. ఒక ప్లాన్‌కి ప్రీమియం ఏడాదికి 21 వేలు, డిడక్టబుల్ 5 వేలు అనుకుందాం. డిడక్టబుల్ అంటే తెలుసు కదా, మొదట అంతవరకు మీరే పెట్టుకోవాలి, ఆ పైన కంపెనీ పెడుతుంది. రెండో ప్లాన్ ప్రీమియం 13 వేలు, డిడక్టబుల్ 12 వేలు. మిగతాదంతా ఒకటే. చాలామందికి మొదటిదే సేఫ్ అనిపిస్తుంది, ఐదు వేలే కదా నేను పెట్టుకోవాల్సింది అని. కానీ జబ్బు లేని ఏడాది మొదటిదానికి 21 పోతుంది, రెండోదానికి 13. చెడ్డ ఏడాది మొదటిదానికి 21, 5 కలిపి 26. రెండోదానికి 13, 12 కలిపి 25. అంటే మంచి ఏడాదిలోనూ చెడ్డ ఏడాదిలోనూ రెండోదే తక్కువ! మొదటిది ఏ రకంగా చూసినా నష్టమే, అయినా మనసు దాని వైపే లాగుతుంది.

ఇది నేను కల్పించి చెప్పే మాట కాదు. భార్గవ, లోవెన్‌స్టైన్, సిడ్నర్ అని ముగ్గురు పరిశోధకులు అమెరికాలో ఒక పెద్ద కంపెనీలో 23,894 మంది ఉద్యోగులు ఏ హెల్త్ ప్లాన్ ఎంచుకున్నారో చూసి 2017లో ఒక పేపర్ వేశారు. ఆ ప్లాన్లలో డాక్టర్లూ హాస్పిటల్సూ కవరేజీ అన్నీ ఒకటే, తేడా అల్లా ప్రీమియం ఎంత, మన వాటా ఎంత అన్నదే. సగానికి పైగా మంది ఇప్పుడు నేను చెప్పిన మొదటి ప్లాన్ లాంటివే తీసుకున్నారు, అంటే ఎలా చూసినా నష్టం వచ్చేవి. వాళ్ళు ఎక్కువ పెట్టింది కట్టిన ప్రీమియంలో 24 శాతానికి సమానమట. ఇంకో మాట చదివి నాకు మనసు చివుక్కుమంది, తక్కువ జీతం వాళ్ళే ఆ తప్పు ఎక్కువ చేశారు. ఎందుకో నాకు అర్థమవుతుంది, ఒక్కసారిగా పన్నెండు వేలు తీయాలి అన్న మాటకి భయపడేది వాళ్ళే కదా, ఆ భయానికి ప్రతి ఏడాదీ ఎనిమిది వేలు ఎక్కువ కడుతున్నారు.

అలాగని అందరూ పెద్ద డిడక్టబుల్ తీసుకోండి అని నేను అనను, దయచేసి అలా అర్థం చేసుకోకండి. ఆ పన్నెండు వేలు రేపు పొద్దున అడిగితే మీ దగ్గర ఉండాలి, అప్పు చేయకుండా ఉండాలి. ప్రీమియంలో మిగిలిన ఎనిమిది వేలు ఖర్చయిపోకుండా పక్కన పెట్టే అలవాటు ఉన్న ఇంటికి అది సరిపోతుంది. ఆ డబ్బు ఇంట్లో నిలవదు అని మీకు తెలిస్తే ఎక్కువ ప్రీమియం కట్టడమే నయం, మీ సంగతి మీకే తెలుసు. ఇంకోటి, షుగరో ఆస్తమానో ఉండి నెలనెలా డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిన వాళ్ళకి ప్రతిసారీ జేబులోంచి తీయాలంటే ఏమవుతుంది? వెళ్ళడం మానేస్తారు. అమెరికాలోనే ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 1974 నుంచి 1982 దాకా కుటుంబాలని రకరకాల ప్లాన్లలో పెట్టి చూసింది, కొందరికి మొత్తం ఉచితం, కొందరికి పావు వంతు వాటా, ఇంకొందరికి సగం, మరికొందరికి 95 శాతం. వాటా పెట్టినవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళడం తగ్గించేశారు, అనవసరమైనవి మాత్రమే కాదు, అవసరమైన వైద్యం కూడా. చాలామంది ఆరోగ్యం మీద పెద్ద తేడా ఏం కనపడలేదు కానీ పేదవాళ్ళలో, అప్పటికే జబ్బున్నవాళ్ళలో తేడా తెలిసింది, ఉచితంగా చూపించుకున్నవాళ్ళకి బీపీ బాగా అదుపులో ఉంది. కాబట్టి ఇంట్లో పాత జబ్బున్న మనిషి ఉంటే ఆ మనిషికి ప్రీమియం తగ్గించాలని చూసి వాటా పెంచకండి.

ఇప్పుడు కో-పే. డిడక్టబుల్‌కీ కో-పేకీ తేడా చాలామందికి తెలీదు, కిటికీ దగ్గరికి వచ్చాకే తెలుస్తుంది. డిడక్టబుల్ ఒక అంకె, అక్కడితో ఆగిపోతుంది. కో-పే అంటే బిల్లులో మీరు పెట్టాల్సిన శాతం, అది బిల్లుతో పాటు పెరుగుతూ పోతుంది. 20 శాతమే కదా అనిపిస్తుంది, యాభై వేల బిల్లుకి పది వేలు, పర్వాలేదు. అదే పది లక్షల బిల్లుకి రెండు లక్షలు. చిన్న బిల్లుకి చిన్న కష్టం, పెద్ద బిల్లుకి పెద్ద కష్టం, అంటే మనకి సాయం ఎక్కువ కావాల్సినప్పుడే భారమూ ఎక్కువ పడుతుంది. కొన్ని ప్లాన్లలో మీ వాటాకి ఏడాదికి పై హద్దు ఉంటుంది, ఇంతకంటే ఎక్కువ మీరు పెట్టనక్కర్లేదు అని. ఏజెంటుని ఒకే ఒక్క ప్రశ్న అడగాలంటే నేను అదే అడుగుతా: "అన్నిటికంటే పెద్ద బిల్లు వచ్చిందనుకోండి, నేను పెట్టాల్సింది ఎక్కడ ఆగుతుంది?" అంకె చెప్తే రాసుకోండి, కాగితంలో ఎక్కడుందో చూపించమనండి. "అలాంటివి రావులెండి సార్" అన్నాడంటే ఆ మనిషి దగ్గర కొనకండి.

ఇంకా జబ్బు వారీ లిమిట్లు. కవరేజీ పది లక్షలు ఉండొచ్చు, కంటి శుక్లం ఆపరేషన్‌కి ఇంతే, కీలు మార్పిడికి ఇంతే అని లోపల వేరే అంకెలు ఉంటాయి. మీ ఇంట్లో వయసు మళ్ళిన వాళ్ళకి రాబోయేవి ఏవో మీకు ఎటూ తెలుసు, మోకాళ్ళు, కళ్ళు, గుండె, ఆ మూడు పేర్లు పట్టుకుని కాగితంలో వెతకండి చాలు, మొత్తం చదివే ఓపిక లేకపోయినా.

(సభలోంచి ఒకావిడ: వెయిటింగ్ పీరియడ్ లేనిది దొరకదా సార్?)

అమ్మా, మంచి ప్రశ్న, అక్కడికే వస్తున్నా. పూర్తిగా లేనిది ఎందుకు కష్టమో చెప్తా. రేపు ఆపరేషన్ ఉంది, ఈరోజు పాలసీ తీసుకుంటా అంటే అందరూ అలాగే చేస్తారు, ఒంట్లో బాగున్నవాళ్ళు ఎవరూ కట్టరు, కట్టేవాళ్ళంతా జబ్బున్నవాళ్ళే అయితే ప్రీమియం ఎవరూ అందుకోలేనంత అవుతుంది. అందుకే అందరూ కట్టి తీరాలి అన్న చట్టం ఉన్న చోట్ల, ఆఫీసులో ఉద్యోగులందరినీ కలిపి తీసుకునే గ్రూప్ పాలసీల్లో ఈ గడువు ఉండదు లేదా తక్కువ ఉంటుంది. సొంతంగా కొనుక్కునేవాటిలో మాత్రం దాదాపు ఉంటుంది. మీరు చూడాల్సింది మీ జబ్బుకి ఎన్నాళ్ళు అన్నది, అన్నిటికీ ఒకే గడువు ఉండదు, కొన్ని ఆపరేషన్లకి వేరే గడువు, ముందునుంచీ ఉన్న జబ్బులకి వేరే, కాన్పుకి వేరే. కాన్పు సంగతి కొత్తగా పెళ్ళయినవాళ్ళు తప్పకుండా చూసుకోండి, నెల తప్పాక కొంటే చాలావాటిలో ఆ కాన్పుకి రాదు. ఒంట్లో బాగున్నప్పుడే తీసుకోండి అని అందరూ ఎందుకంటారంటే, ఈ గడువులు గడిచిపోయేది ఆ బాగున్న సంవత్సరాల్లోనే.

ఇప్పుడు చెప్పబోయేది నా ఇంటి సంగతి. చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు.

మా అమ్మకి పాలసీ తీసుకున్నప్పుడు ప్రపోజల్ ఫారంలో, అంటే పాలసీ కోసం నింపే దరఖాస్తులో, ఒక ప్రశ్న ఉంది, రోజూ వేసుకునే మందులు ఏమైనా ఉన్నాయా అని. అమ్మ అప్పటికి ఆరేళ్ళుగా బీపీ మాత్ర వేసుకుంటోంది, పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన ఆ స్ట్రిప్పు ఉండాల్సిందే. ఫారం నింపుతున్న ఏజెంటు "బీపీ ఎవరికి లేదు సార్, రాస్తే మెడికల్ టెస్టులంటారు, లేటవుతుంది, ప్రీమియం పెంచుతారు" అన్నాడు. నేను హాస్పిటల్లో ఇదే పనిలో ఉన్నవాణ్ణి, నాకు తెలియదా, తెలుసు. అయినా "లేదు" అన్న గడిలో టిక్కు పెడుతుంటే చూస్తూ ఊరుకుని సంతకం పెట్టించా. రెండేళ్ళకి అమ్మకి గుండె సమస్య వచ్చింది. అడ్మిషన్ నోట్స్‌లో డ్యూటీ డాక్టర్ మామూలుగా రాశాడు, బీపీ ఎనిమిదేళ్ళుగా, మందులు వాడుతున్నారు అని. ఆ ఒక్క లైనుతో క్లెయిమ్ పోయింది, తర్వాత పాలసీ కూడా పోయింది. అమ్మ మంచం మీద నుంచి "నేను డాక్టరుకి చెప్పకుండా ఉండాల్సిందారా?" అని అడిగింది. ఆ మాటకి నేను ఏం చెప్పలేకపోయా. అప్పు తీర్చడానికి మూడేళ్ళు పట్టింది, అది వేరే సంగతి, ఆ తర్వాత అమ్మకి ఇంకో పాలసీ ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

ఫారంలో సంతకం మీది. ఏజెంటు నోటిమాట ఏ కాగితం మీదా ఉండదు. ఇన్సూరెన్స్‌లో ఈ రూల్ ఇప్పటిది కూడా కాదు, 1766లో ఇంగ్లండ్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ అనే జడ్జి చెప్పిన తీర్పు ఒకటుంది, తనకి మాత్రమే తెలిసిన సంగతి దాచిపెట్టి అవతలివాణ్ణి బేరంలోకి దింపకూడదు అని, అది రెండు పక్షాలకీ వర్తిస్తుంది అని కూడా ఆయనే అన్నాడు. కాబట్టి మీరూ చెప్పండి, వాళ్ళనీ చెప్పమని గట్టిగా అడగండి. వాడే మాత్ర, చిన్నప్పుడు జరిగిన ఆపరేషన్, మానేసిన సిగరెట్, అన్నీ రాయండి. ప్రీమియం పెరిగితే పెరగనీ, కాదంటే కాదననీ. ఇప్పుడు కాదంటే ఇంకో దారి వెతుక్కోవచ్చు, ఐసీయూ బయట నిలబడ్డాక కాదంటే వెతుక్కోవడానికి ఏమీ ఉండదు. నింపిన ఫారం కాపీ మీ దగ్గర ఉంచుకోండి, పాలసీ కాగితం చేతికి రాగానే అందులో మీ జబ్బుల వివరాలు మీరు చెప్పినట్టే పడ్డాయో లేదో చూసుకోండి. తప్పుగా పడితే అదే రోజు రాతపూర్వకంగా పంపండి. చాలా చోట్ల మొదట్లో కొన్నాళ్ళు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేసే అవకాశం ఉంటుంది, ఆ రోజులు ఎన్నో చూసుకుని ఆలోపే చదవండి, బీరువాలో పెట్టేయకండి.

కుటుంబం మొత్తానికి ఒకటే పాలసీ తీసుకోవాలా, విడివిడిగానా అని చాలామంది అడుగుతారు. వయసులో ఉన్న భార్యాభర్తలు, పిల్లలు అయితే ఫ్లోటర్, అంటే ఒకే కవరేజీని ఇంట్లో అందరూ పంచుకునేది, బాగానే ఉంటుంది, ఒకే ఏడాది నలుగురూ హాస్పిటల్లో పడటం అరుదు కదా. అమ్మానాన్నని అందులో కలిపారంటే మాత్రం రెండు ఇబ్బందులు, చాలా కంపెనీలు ప్రీమియం అందరికన్నా పెద్దవాళ్ళ వయసుని బట్టి వేస్తాయి, పైగా పెద్దాయన ఒక్కడికే కవరేజీ అంతా అయిపోతే మిగతా ఏడాదంతా పిల్లలు ఖాళీ చేతులతో ఉంటారు. పెద్దవాళ్ళకి వేరే తీసుకోండి.

ఆఫీసు ఇచ్చేది ఉంది కదా, సొంతంగా ఎందుకు అంటారు. ఉన్నంతకాలం అది బంగారం లాంటిదే, నేను కాదనను. కానీ అది ఉద్యోగంతో కట్టేసి ఉంది. నా కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళలో నన్ను ఎక్కువ కలచివేసింది ఎవరంటే, యాభై దాటాక ఉద్యోగం పోయినవాళ్ళు. పాతికేళ్ళు ఆఫీసు కార్డుతో గడిచిపోయింది, ఈలోపు షుగరు వచ్చింది, ఇప్పుడు సొంతంగా కొందామంటే గడువులన్నీ మొదటి రోజు నుంచి మొదలవుతాయి, ప్రీమియం ఆ వయసుకి తగ్గట్టు ఉంటుంది. చిన్నదైనా సరే ఒక సొంత పాలసీ వయసులో ఉన్నప్పుడే మొదలెట్టి నడుపుతూ ఉండండి. ఆఫీసుది వాడుకోండి, దీని గడువులు మాత్రం గడిచిపోతుంటాయి.

నెట్‌వర్క్ హాస్పిటల్స్, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవి, వాటి గురించి ఎక్కువ చెప్పను. లిస్టులో ఎన్ని వేల హాస్పిటల్స్ ఉన్నా మీకేం లాభం, రాత్రి రెండింటికి మీరు పరిగెత్తేది ఒకటో రెండో. ఆ రెండింటికీ వెళ్ళి ఇన్సూరెన్స్ డెస్క్‌లో అడగండి, ఈ కంపెనీ క్యాష్‌లెస్, అంటే బిల్లు కంపెనీయే నేరుగా కట్టేది, మీ దగ్గర ఇప్పుడు నడుస్తోందా, అప్రూవల్‌కి ఎంతసేపు పడుతోంది అని. డెస్క్‌లో ఉన్నవాళ్ళకి అన్నీ తెలుసు, అడిగితే చెప్తారు, ఎవరూ అడగరు అంతే.

బడ్జెట్ మాటకి వద్దాం. ఈ ఏడాది ప్రీమియం కట్టగలనా అని చూసుకుంటే సరిపోదు, పదేళ్ళ తర్వాత కూడా కట్టగలనా అని చూసుకోవాలి, ఎందుకంటే మధ్యలో వదిలేసిన పాలసీ అన్నిటికన్నా ఖరీదైనది, గడిచిన గడువులన్నీ నీళ్ళపాలు. వయసుతో ప్రీమియం పెరుగుతుంది, వైద్యం ఖర్చూ పెరుగుతుంది. ఏదైనా ఏడాదికి పది శాతం చొప్పున పెరిగితే ఏడేళ్ళకి దాదాపు రెట్టింపు అవుతుంది, అది వడ్డీ లెక్క, మీరే వేసుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు కడుతున్న ప్రీమియం రెట్టింపైతే ఎలా ఉంటుంది అని ఒకసారి ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. కవరేజీ సంగతి కూడా అంతే, ఈరోజు సరిపోయే అంకె ఏడేళ్ళకి సగం బలం కోల్పోతుంది. ఏజెంటుని అడిగి గత నాలుగైదేళ్ళలో ఇదే ప్లాన్ ప్రీమియం ఎలా పెరిగిందో తీసుకోండి, మీ వయసుకి కాదు, మీకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు ఇప్పుడు ఎంత కడుతున్నారో అడగండి. అది మీ రేపటి ప్రీమియం.

ఎంత పెట్టొచ్చు అని అడిగితే ఒకే అంకె అందరికీ చెప్పలేను. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు చాలా ఏళ్ళు లెక్కకి వాడిన గీత ఒకటుంది, ఇంటి మొత్తం ఖర్చులో 10 శాతం దాటి వైద్యానికి జేబులోంచి పోతే ఆ ఇంటిని వైద్య ఖర్చు దెబ్బతీసినట్టు లెక్క. నేను ఆ గీతని ఇలా వాడతా: చెడ్డ ఏడాదిలో నా వాటా, అంటే డిడక్టబుల్, కో-పే, లిమిట్ల వల్ల పోయేది, అంతా కలిపి ఆ పది శాతం దాటుతుందా? దాటితే ప్రీమియం ఎంత చవకైనా ఆ ప్లాన్ నాకు చవక కాదు. దాటకపోతే అప్పుడు ప్రీమియం తక్కువ ఉన్నది చూసుకుంటా. డబ్బు తక్కువ ఉన్నవాళ్ళు కవరేజీ పేరుకి పెద్దది, లోపల అన్నీ లిమిట్లు ఉన్నది తీసుకోకండి, అంకె చిన్నదైనా కోతలు లేనిది తీసుకోండి, ఇది నా సొంత అభిప్రాయం, పదకొండేళ్ళు చూసి చెప్తున్నా. మీ ప్రభుత్వం ఇచ్చే పథకం ఏదైనా మీకు వర్తిస్తే ముందు అది చేయించుకోండి, దాని మీద ఇది.

ఇంక మీ ప్రశ్నలు ఏమైనా ఉంటే అడగండి. ఆ పెద్దాయన చేయి ఎత్తారు, మైక్ ఇవ్వండి.

(ఆయన: బాబూ, నాది పదేళ్ళ పాత పాలసీ. మా అబ్బాయి అది ఆపేసి తక్కువకి వస్తోంది, కొత్తది తీసుకుందాం నాన్నా అంటున్నాడు. ఆపేయమంటావా?)

అయ్యో, ఇప్పుడే ఆపకండి బాబాయ్. కొత్తది చేతికి వచ్చి, అందులో మీ జబ్బులన్నీ పడి, పాతదాంట్లో గడిచిన సంవత్సరాలు కొత్తదాంట్లో కలిపారని కాగితం మీద చూసేవరకు పాతదానికి ప్రీమియం కడుతూనే ఉండండి. అలా కలిపే పద్ధతి ఉన్న చోట రెన్యూవల్ తేదీకి చాలా ముందే అప్లై చేయాలి, చివరి వారంలో అడిగితే కుదరదు. మీ రెన్యూవల్ ఎప్పుడు?

(ఆయన: వచ్చే నెలాఖరుకి.)

అయితే టైం తక్కువ ఉంది. ఆ కాగితాలు తెచ్చారా? తెచ్చారా, మంచిపని చేశారు. ఇటు వచ్చి కూర్చోండి, మీ అబ్బాయికి కూడా ఫోన్ కలపండి, వెనక పేజీ తీద్దాం.